చీరకు 9,000 తిప్పలు

పోచంపల్లి పట్టుచీర ఒక్కటి మగ్గమెక్కాలంటే, అంతకుముందే ఇంట్లో ఒక చెయ్యి 9,000 సార్లు పోయి రావాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఆ చెయ్యి దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళదే. ముందొక చట్రం ఉంటుంది. దానికి ఒక పక్క ఒంటి మేకు, ఎదురు పక్క అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఒంటి మేకుకు చుట్టి, చెయ్యి చాచి ఎదుటి వరుసలో ఒక మేకుకు తగిలించి, వెనక్కి తెచ్చి, మళ్ళీ చాచాలి. విడతకు సుమారు మీటరు దూరం. ఇలా ఒక చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు మించి పోయడం ఎవరి వల్లా అయ్యేది కాదు. రెండు చీరలంటే 18,000 విడతలు. అంటే పీట మీద నుంచి కదలకుండానే చెయ్యి 18 కిలోమీటర్లు నడిచినట్టు.

ఇన్ని తిప్పలు ఎందుకంటే, పోచంపల్లి బట్టలో పువ్వు మగ్గం మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. నేయకముందే పోగుల్ని జట్లు జట్లుగా చేసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీతో బిగించి కడతారు. చాలా ఇళ్ళల్లో ఆ పట్టీ పాత ట్యూబు చీలికే. కట్టాక రంగులో ముంచుతారు. కట్టు విప్పితే లోపలి రంగు లోపలే ఉంటుంది. రెండో రంగుకు మళ్ళీ కట్టు, మళ్ళీ ముంచడం. చిటికీ పని అంటే ఇదే. ఈ కట్లు అనుకున్న చోటే పడాలంటే పేక పోగులన్నీ చీర పన్నాకు తగిన పొడవులో, వరుస తప్పకుండా, ఒకే బిగువులో పేర్చి ఉండాలి. ఆ పేర్పు ఆసు మీద జరుగుతుంది. అక్కడ ఒక్క పోగు వదులైనా మగ్గం మీదికి వచ్చేసరికి పువ్వు అంచు చెదిరిపోతుంది. చీర నేసినవాడి పేరు బయటికి వస్తుంది, అవార్డులకు వెళ్తుంది. ఆసు పోసినామె పని మాత్రం ఇంటిపని లెక్కలో కలిసిపోతుంది. కూలి పుస్తకంలో దానికి గీత ఉండదు.

భుజానికి మాత్రం ఆ లెక్క బాగా తెలుసు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే గంటల తరబడి ఒకే దారిలో తిరుగుతుంటే ముందు భుజం కీలు, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మెడ, ఒకదాని వెంట ఒకటి మొరాయిస్తాయి. రాత్రికి అమృతాంజనం రాస్తారు. మరీ తట్టుకోలేకపోతే ఊళ్ళో డాక్టరు దగ్గర మాత్ర. తెల్లారితే మళ్ళీ ఆసు ముందు పీట. మాత్ర తగ్గించిన నొప్పిని మేకులు తిరిగి తెస్తాయి. 1700లో ఇటలీలోని మోడెనాలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం వేశాడు. రోగిని వైద్యుడు అడగాల్సిన పాత ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు: నువ్వు చేసే పనేమిటి? మూడు శతాబ్దాలు దాటినా ఆ ప్రశ్న మన చీటీల మీదికి ఎక్కలేదు. పేరు, వయసు, బీపీ, షుగరు ఉంటాయి. చేతులు రోజంతా ఏం చేస్తాయన్నది ఉండదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రాడి ఇంట్లోనూ ఇదే బాధ. తల్లి పేరు లక్ష్మి. మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం పనిలో దిగినవారు. తల్లి భుజం రోజురోజుకీ పనికి రాకుండా పోవడం చూస్తూ, 1992లో ఆసు పోసే యంత్రం చేయాలని పూనుకున్నారు. చేతిలో డబ్బు లేదు, చదువు లేదు, యంత్రాల సంగతి చెప్పే మనిషి పక్కన లేడు. ఊరు నవ్వింది. ఇది ఊహించేదే. చదువుకున్నవాళ్ళు చేయని యంత్రం నువ్వు చేస్తావా అని మన ఊళ్ళు అనకుండా ఎలా ఉంటాయి?

ఇక్కడ కాస్త ఆగి, ఆ పని కష్టం ఎక్కడుందో చూడాలి. బయటి నుంచి చూస్తే ఆసు చాలా తేలికైన కదలిక. పోవడం, రావడం. మోటారుకు ఒక కడ్డీ తగిలిస్తే పోనూ పోతుంది, రానూ వస్తుంది. చెయ్యి చేస్తున్నది అంతేనా? మేకు దగ్గరికి చేరగానే చెయ్యి కొంచెం లేస్తుంది, దారాన్ని మేకు తల దాటించి అవతలి పక్కకు దించుతుంది. ఒక మేకుకు సరిపడా పోగులు పడగానే, ఎవరూ చెప్పకుండానే పక్క మేకుకు జరుగుతుంది. అర్ధచంద్రం కనక మేకు మేకుకీ దిశ మారుతుంది. ఈలోగా వేళ్ళ మధ్య దారం జారుతూనే ఉంటుంది. బిగువు ఎక్కువైతే పట్టు తెగుతుంది, తక్కువైతే పోగు వేలాడుతుంది. వేలు ఆ రెండింటి మధ్య ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. అదే సమయంలో కళ్ళు వంటింటి మీదో పిల్లల మీదో ఉంటాయి. ఇవన్నీ ఒక్క ఊపులో కలిసి జరుగుతాయి. చేసే మనిషిని అడిగితే విడదీసి చెప్పలేదు. చెప్పగలిగితే దాన్ని అలవాటు అనం.

యంత్రానికి అలవాటు ఉండదు. ఒక్కో కదలికకూ ఒక్కో భాగం కావాలి. పోవడానికొకటి, లేవడానికొకటి, జరగడానికొకటి, బిగువు పట్టడానికొకటి. పైగా అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేళ తప్పకుండా కదలాలి. మల్లేశం యంత్రం ఒకేసారి తయారు కాలేదు. ముక్కలు ముక్కలుగా తయారైంది. కొయ్యతో మొదలుపెట్టి, కూలి డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ఒక భాగం చేయించుకుంటూ, పనికిరానిది పక్కన పడేస్తూ ఏళ్ళు గడిచాయి. అప్పులయ్యాయి. ఇంట్లోవాళ్ళే వద్దన్నారు. చాలావరకు పూర్తయ్యాక ఒక కదలిక దగ్గర బండి మొండికేసింది. ఎన్ని విధాల చేసినా అది కుదరలేదు. చివరికి పొట్టకూటికి హైదరాబాద్ చేరి కరెంటు పనులకు కుదిరారు. అక్కడా సంపాదనలో కొంత యంత్రానికే పోయేది.

బాలానగర్ గురించి ఒక మాట. హైదరాబాద్‌కు వాయవ్యాన ఉన్న ఈ పారిశ్రామిక వాడలో పెద్ద కంపెనీల నీడలో వందల చిన్న లేత్ షాపులు పుట్టాయి. పనిముట్ల తయారీ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి అక్కడే ఉంది. ఇనుమును కోరిన ఆకారంలోకి తెచ్చే చేతులు ఆ సందుల్లో దొరికినంతగా మన దగ్గర ఇంకెక్కడా దొరకవేమో. 1999 ఫిబ్రవరిలో మల్లేశం అక్కడొక చోట పనికి వెళ్ళారు. ఒక యంత్రం ఆడుతోంది. దానికీ చీరకూ సంబంధం లేదు. కానీ అందులో ఒక భాగం కదిలే తీరు, తాను ఏళ్ళుగా వెతుకుతున్న కదలికే. అక్కడే నిలబడి చూశారు. ఆ భాగాన్ని దగ్గర్లోని షాపులో చేయించుకుని ఊరికి తీసుకెళ్ళి బిగించారు. ఆసు తిరిగింది.

యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. తర్వాత కొయ్య స్థానంలో ఉక్కు వచ్చింది, ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. పల్లెసృజన వంటి సంస్థల ద్వారా, జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానం ద్వారా ఈ సంగతి దేశానికి తెలిసింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది.

సినిమా వల్ల మేలు జరిగింది, కాదనను. కాకపోతే అప్పటి నుంచి అందరమూ దీన్ని తల్లి మీద కొడుకు ప్రేమ కథగా చెప్పుకోవడం మొదలుపెట్టాం. తల్లి భుజం చూసి బాధపడిన కొడుకులు ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక చుట్టుపక్కల ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళలో తల్లికి బాధ తప్పించాలని చీరల లెక్క తగ్గించుకున్నవాళ్ళున్నారు. మగ్గమే మానేసి పట్నం దారి పట్టినవాళ్ళున్నారు. మల్లేశం గారిలో వేరుగా కనబడేది ప్రేమకన్నా ఆ చూపు. అమ్మ ఓర్చుకోలేకపోతోంది అనుకోకుండా, ఆసు అమ్మ చేతికి సరిపోయేలా లేదు అనుకోవడం. ఆ రెండో మాట మీద ప్రపంచంలో ఒక శాస్త్రమే నడుస్తోంది. హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజనీరింగ్ అంటారు, ఎర్గోనమిక్స్ అనీ అంటారు. శారాజీపేటలో దానికి పేరేమీ లేదు. పని మాత్రం అదే.

ఇంకో చిన్న సంగతి. యంత్రం వచ్చాక పని పోలేదు, మారింది. ఇప్పుడు పక్కన కూర్చున్న మనిషి చెయ్యి చాచనక్కర్లేదు. పోగు తెగిందా, కండె అయిపోయిందా అని చూస్తూ ఉండాలి. కష్టం భుజం నుంచి కంటికి జరిగింది. గంటల తరబడి ఏమీ జరగని చోట చూపు నిలపడం మనిషికి ఎంత కష్టమో విమానాలు నడిపేవాళ్ళకూ, విద్యుత్ కేంద్రాల్లో మీటర్ల ముందు కూర్చునేవాళ్ళకూ తెలుసు. అయినా ఆ రెండు కష్టాల్లో ఏది కావాలంటే, ఆసు పోసిన ఏ ఆడమనిషైనా జవాబుకు తడుముకోదు.

ఎర్గోనమిక్స్ శాస్త్రం పుట్టింది కూడా, తప్పు మనిషిదా పనిముట్టుదా అన్న ఇట్లాంటి అనుమానంతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ బి-17 బాంబర్లు యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చి, రన్‌వే మీద దిగాక, చక్రాలు ముడుచుకుని పొట్ట మీద కూలబడేవి. విచారణ చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు: పైలట్ తప్పు. రెక్కల ఫ్లాపులు లాగాల్సింది పోయి చక్రాల మీట లాగాడు. ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో అల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర మనస్తత్వ శాస్త్రవేత్తకు ఒక సందేహం వచ్చింది. తప్పు పైలట్లదే అయితే సి-47 రవాణా విమానాలు నడిపే పైలట్లు ఈ తప్పు ఎందుకు చేయడం లేదు? కాక్‌పిట్‌లోకి ఎక్కి చూశాడు. బి-17లో రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి, అచ్చం ఒకే తీరుగా ఉన్నాయి. సి-47లో అట్లా లేవు. చపానిస్ చక్రాల మీట చివర రబ్బరు చక్రం, ఫ్లాపుల మీట చివర రెక్కలాంటి ముక్క అతికించాడు. చీకట్లో, అలసటలో, చూడకుండా తడిమినా ఏది ఏదో వేళ్ళకు తెలిసిపోతుంది. విమానాల్లో చక్రాల మీటకు చక్రం ఆకారం ఇవాళ్టికీ ఉంది. 1947లో అదే ప్రయోగశాలకు చెందిన పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 'పైలట్ తప్పులు' సేకరించి విడదీశారు. చాలావాటి వెనక ఒకదాన్ని పోలిన మరో మీటో, అనుకున్న దిశకు తిరగబడి కదిలే మీటో కనబడింది.

ఆస్పత్రులు ఈ పాఠం కొంచెం ఆలస్యంగా, తమ రోగుల ప్రాణాలు పెట్టి నేర్చుకున్నాయి. ఆపరేషన్ బల్ల తల దగ్గర మత్తు యంత్రం ఉంటుంది. దానికి ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తారు, నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ కూడా తగిలిస్తారు. ఆక్సిజన్ చోట రెండోది తగిలితే రోగి పడుకున్నవాడు పడుకున్నట్టే పోతాడు. ఇలా జరిగేది. మన దేశంలో ఆక్సిజన్ సిలిండర్ నల్లగా ఉండి మెడ తెల్లగా ఉంటుంది, నైట్రస్ ఆక్సైడ్‌ది నీలం. రంగు మంచిదే. కానీ రంగు మాసిపోతుంది, కరెంటు పోతే కనబడదు, ఒక దేశం రంగు ఇంకో దేశంలో వేరు. 1952లో పిన్నుల పద్ధతి వచ్చింది. సిలిండర్ మెడ మీద రెండు రంధ్రాలు, యంత్రం మీద వాటికి సరిపోయే రెండు పిన్నులు. ఆక్సిజన్‌కు ఒక జత స్థానాలు, నైట్రస్ ఆక్సైడ్‌కు ఇంకో జత. తప్పు సిలిండర్ తెచ్చి ఎంత బలంగా నొక్కినా కూర్చోదు. నర్సుకు మతిమరుపు ఉన్నా, డ్యూటీ పదహారో గంటలో ఉన్నా, సిలిండర్ ఒప్పుకోదు. జాగ్రత్తగా ఉండమని గోడకు బోర్డు పెట్టడానికీ దీనికీ ఎంత దూరమో చూడండి. మన దగ్గర ఇప్పటికీ బోర్డులే ఎక్కువ.

1978లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జెఫ్రీ కూపర్ అనే ఇంజనీరు తన బృందంతో కలిసి మత్తు డాక్టర్లను కూర్చోబెట్టి, తృటిలో తప్పినవీ తప్పనివీ కలిపి 359 ఘటనలు చెప్పించుకున్నాడు. యంత్రం చెడిపోవడం వల్ల జరిగినవి తక్కువ. నూటికి 82 మనిషి పొరపాట్లే. అయితే ఆ 82ను చూసి అక్కడివాళ్ళు డాక్టర్లను తిట్టలేదు. గొట్టం ఎక్కడ ఊడుతోంది, మీట ఏ వైపు తిరుగుతోంది, పని చేతులు మారేటప్పుడు ఏం మాట జారిపోతోంది అని వెతికారు. మత్తు వైద్యం ఇవాళ వైద్యంలోకెల్లా భద్రమైన విభాగాల్లో ఒకటి అయ్యిందంటే ఈ వెతుకులాటకు అందులో పెద్ద వాటా ఉంది.

మన హైదరాబాద్‌లోనూ ఒక మంచి ఘట్టం ఉంది. అబ్దుల్ కలాం ఇక్కడ క్షిపణుల పనిలో ఉన్నప్పుడు నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకరు ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాంను తన వార్డుకు తీసుకెళ్ళారు. అక్కడ పోలియో వంటి జబ్బులతో కాళ్ళు దెబ్బతిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. ఈ ముచ్చట కలాం చాలా సభల్లో చెప్పేవారు. నాకు ఇందులో నచ్చేది క్షిపణి కాదు, డాక్టర్ చేత్తో ఎత్తి చూడటం. పిల్లవాడి కాలికి ఎంత బరువు తగులుతోందో రోజూ చూసినవాడు కాబట్టే ఆ చెయ్యి అటు పోయింది.

తాటిచెట్టు దగ్గర కథ ఇంకా నడుస్తోంది. గీత కార్మికుడికి మోకు, ముస్తాదు తరతరాల పనిముట్లు. చెట్టుకూ నడుముకూ కలిపి వేసిన మోకు, ఒళ్ళు వెనక్కి వాల్చినంతసేపు మనిషిని నిలబెడుతుంది. కాలు జారి ఒళ్ళు చెట్టుకు ఆనిందంటే మోకు వదులై జారిపోతుంది. మనిషి అదుపులో ఉన్నంతసేపే పనిచేసి, అదుపు తప్పిన క్షణంలో చేతులెత్తేసే పనిముట్టు ఇది. తాటిచెట్ల మీద నుంచి పడి నడుము విరిగినవాళ్ళు, చనిపోయినవాళ్ళు తెలంగాణలో ఏ ఊరికి పోయినా కనబడతారు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు పంచడం మొదలుపెట్టారు. కొండలెక్కేవాళ్ళు వాడే తరహా తాళ్ళు, నడుముకూ తొడలకూ బిగించే పట్టీలు, కొక్కేలు అందులో ఉంటాయి. కాలు జారితే తాడు బిగుసుకుని మనిషిని పట్టుకుంటుంది. గౌడుల కులదైవం పేరు పెట్టడం తెలివైన పనే.

అయితే పని అక్కడితో అయిపోదు. గీసేవాడు పొద్దున ఒక చెట్టెక్కి దిగి ఇంటికి పోడు. చెట్టు తర్వాత చెట్టు, మళ్ళీ సాయంత్రం అదే వరుస. ఒక్కో చెట్టుకు బిగించడానికీ విప్పడానికీ రెండు నిమిషాలు ఎక్కువైతే ఆ రెండు నిమిషాలు చెట్ల లెక్కన హెచ్చుతాయి. అప్పుడు కిట్టు ఇంటి కొక్కేనికి, పాత మోకు నడుముకూ చేరతాయి. వాడకపోతే గీత కార్మికుడికి భద్రత పట్టదనడం చాలా సులువు. బి-17 పైలట్ల మీద కూడా మొదట అన్నది అదే. నా మట్టుకు నాకు, తాడు గట్టిదనం కన్నా దాన్ని ఒంటి చేత్తో ఎంత తొందరగా బిగించవచ్చు అన్నదే ఈ కిట్టు బతుకును తేల్చే సంగతి.

మా నారాయణఖేడ్ వైపు తాటిచెట్లకన్నా పత్తి, కంది, చెరుకు ముచ్చట ఎక్కువ. సంగారెడ్డి జిల్లాలో భద్రత అనే మాట ఎక్కువగా పేలుళ్ళ తర్వాతే వినబడుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు 40 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అది పేపర్లలో, టీవీల్లో వచ్చింది. రావాల్సిందే. చెరుకు కోతకు ఊళ్ళు దాటి వలసపోయి తిరిగొచ్చిన మనిషి నడుము పట్టేసి మంచాన పడితే అది ఏ పేపర్లోనూ రాదు. చెరుకును మొదలంటా నరకాలి కాబట్టి రోజంతా వంగే ఉండాలి. నరికింది మోపు కట్టి నెత్తికెత్తుకుని లారీకి ఆనించిన పలక మీదుగా ఎక్కించాలి. పత్తి ఏరే ఆడవాళ్ళకు నడుముకు కట్టుకున్న ఒడి నిండేకొద్దీ బరువు ఒక పక్కకు గుంజుతుంది. ఎండిన కాయ కొనలు గోళ్ళ సందుల్లో గుచ్చుకుంటాయి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ దేశమంతటా వ్యవసాయ కూలీల ఎత్తు, చేతి పొడవు, పిడికిలి పట్టు వంటి కొలతలు సేకరించి పెట్టింది, పనిముట్లు ఆ కొలతలకు చేయాలని. బజారులో దొరికే కొడవలి పిడి మాత్రం ఎవరి పిడికిలికీ కొలిచి చేసింది కాదు.

అన్నిటికన్నా పురుగుమందు డబ్బాను చూస్తే నాకు చపానిస్ గుర్తొస్తాడు. మన చట్టం ప్రకారం ప్రతి డబ్బా మీదా వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉండాలి. దాని కింది సగంలో రంగు. ఎరుపు అంటే అతి ప్రమాదం. తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. చదువు రానివాళ్ళకు ఉపయోగపడాలని పెట్టిన పద్ధతి. ఖేడ్ బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. ఇట్లాంటి చోట అక్షరంకన్నా రంగే మేలు. కానీ ఎరుపు తర్వాత పసుపు ఎక్కువ విషమా, నీలమా? ఎవరూ చెప్పకపోతే ఊహించడం కష్టం. ఆకుపచ్చ సంగతి మరీ ఇబ్బంది. ట్రాఫిక్ దీపం దగ్గర 'పోవచ్చు' అని చెప్పే రంగు, చేను రంగు, కూరగాయల మార్కెట్లో తాజాదనం రంగు. అది డబ్బా మీద కనబడితే కొంచెం విషం అనిపిస్తుందా, విషం లేదనిపిస్తుందా? ఆ గుర్తును గీసినవాళ్ళు పత్తి చేను గట్టు మీద పది మందికి చూపించి అడిగి ఉంటే బాగుండేది.

ఆ మందు చల్లే ట్యాంకుది ఇంకో కథ. పదహారు లీటర్ల ట్యాంకంటే నీళ్ళే పదహారు కిలోలు, దాని సొంత బరువు వేరే. ఒకప్పుడు ఒక చేత్తో మీట కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని నడిచేవాళ్ళు. బ్యాటరీ ట్యాంకులు వచ్చాక మీట కొట్టే బాధ తప్పింది. చేతికి విశ్రాంతి దొరికింది, వీపుకు మాత్రం బ్యాటరీ బరువు అదనంగా తగిలింది. గుజరాత్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ జగానీ అనే వ్యక్తి ట్యాంకును వీపు నుంచి దించి సైకిలెక్కించాడు. చక్రం తిరిగితే పంపు ఆడుతుంది, మనిషి సైకిలు నెట్టుకుంటూ పోతే చాలు. అది చూసీ, సొంతంగా ఆలోచించీ మన దగ్గరా కొందరు రైతులు పాత సైకిలు చక్రంతో ఇట్లాంటివి కట్టుకున్నారు, ఊళ్ళో వెల్డింగ్ షాపు వాళ్ళ సాయంతో. పత్తి మొక్క చిన్నగా ఉన్నన్నాళ్ళు చాళ్ళ మధ్య చక్రం హాయిగా నడుస్తుంది. కొమ్మలు పెరిగి చాళ్ళు కమ్ముకున్నాక అది లోపలికి పోదు, పోయినా పూత రాలుస్తుంది. ట్యాంకు మళ్ళీ వీపెక్కుతుంది. గులాబీ రంగు పురుగుకు మందు కొట్టాల్సి వచ్చేది కూడా అప్పుడే.